475 ఏళ్ళకు ఒకసారి భూకంపం అంటే, ఇక 450 ఏళ్ళు నిశ్చింతేనా?

కొత్తకాపురం (శనివారం, ఉదయం 10:12)

అందరికీ నమస్కారం. మాది బాపట్ల. ఏడేళ్ళుగా చెన్నైలో ఉంటున్నాం. వేళచ్చేరిలో అద్దె కట్టీ కట్టీ విసుగొచ్చి, పళ్ళికరణై దగ్గర ఒక ఫ్లాటు చూశాం. ఐదంతస్తులు. కింది అంతస్తంతా స్తంభాల మీద నిలబెట్టిన కార్ల పార్కింగు. మా అత్తగారు గోడ మీద చెయ్యి వేసి, "భూకంపం వస్తే?" అని అడిగారు. అమ్మకాల అబ్బాయి తడుముకోకుండా, "అమ్మా, చెన్నైకి పెద్ద భూకంపం 475 ఏళ్ళకు ఒకసారే. అది 2001లో వచ్చి వెళ్ళిపోయింది. మీ మనవల మనవలకు కూడా దిగులు లేదు" అన్నాడు.

నవ్వు వచ్చింది. కానీ ఎక్కడ తప్పాడో అక్కడికక్కడ చెప్పలేకపోయాను. గణితంలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, అదీ నా సిగ్గు. ఎవరైనా విప్పి చెబుతారా?

మిరపకాయ బజ్జీ (10:20)

ఆ లెక్కన మొన్న లాటరీ తగిలినవాడికి ఇంకో కోటి ఏళ్ళు తగలదన్నమాట. అబ్బాయికి మంచి భవిష్యత్తు ఉంది, ఫ్లాట్లు అమ్ముకోవడంలోనే.

సంవర్గమానం (11:05)

తాంబరం వైపు ఒక కళాశాలలో గణాంకశాస్త్రం చెబుతుంటాను. ప్రశ్న చూశాక టీ చల్లారిపోయింది.

అబ్బాయి ఒక్క వాక్యంలో మూడు తప్పులు చేశాడు. మొదటిది: 475 అనేది భూకంపాల మధ్య గడువు కాదు. ఇంజినీర్లు మొదట ఎంచుకున్నది వేరే అంకె: 50 ఏళ్ళలో ఒకచోట నేల ఒక స్థాయిని మించి ఊగే అవకాశం 10 శాతం. దాన్ని పాయిజాన్ సూత్రంలో (అరుదైన సంఘటనలు ఒక కాలంలో ఎన్నిసార్లు రావచ్చో చెప్పేది) పెట్టి తిరగేస్తే 475 వస్తుంది. అంటే అది పది శాతానికి వేసిన ఇంకో వేషం. ఏ ఏడాదికైనా అవకాశం దాదాపు 0.21 శాతం, నిరుడూ అంతే, వచ్చే ఏడూ అంతే.

రెండోది: ఈ సూత్రానికి జ్ఞాపకం లేదు. అష్టాచెమ్మాలో గవ్వలు వేస్తూ "ఇప్పుడే అష్టా పడింది, ఇక పడదు" అనుకుంటామా? నిన్న వచ్చినా, వందేళ్ళుగా రాకపోయినా, రాబోయే 50 ఏళ్ళకు అదే 10 శాతం. మీ గృహరుణం 30 ఏళ్ళదైతే ఆ కాలానికి సుమారు 6 శాతం. వింత ఏమిటంటే, 475 ఏళ్ళు పూర్తిగా గడిచినా అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 63 శాతమే. మిగతా 37 శాతం, అసలు రాకుండానే పోవచ్చు.

మూడోది: 2001 సెప్టెంబరు 25 రాత్రి ఎనిమిదిన్నర వేళ వచ్చింది పుదుచ్చేరికి ఎదురుగా సముద్రంలో పుట్టిన భూకంపం. మాగ్నిట్యూడ్, అంటే భూకంపం పరిమాణం, సుమారు 5.5. చెన్నైలో జనం వీధుల్లోకి వచ్చారు, నిజమే. కానీ దాన్ని పట్టుకుని "475 ఏళ్ళది వచ్చేసింది" అనడానికి ఏ ఆధారమూ లేదు.

మిరపకాయ బజ్జీ (11:09)

పాయిజానా! పేరుతోనే చంపేస్తున్నారు మాస్టారూ.

సంవర్గమానం (11:14)

ఫ్రెంచి గణితవేత్త ఇంటిపేరు. ఫ్రెంచిలో దాని అర్థం చేప. విషం కాదు, మెరీనాలో వేయించి అమ్మేదే.

కొత్తకాపురం (11:40)

మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది, మింగుడు పడలేదు. గవ్వలు వేరు, భూమి వేరు కదా. లోపల పలకలు ఒకదాన్నొకటి నెడుతుంటే ఒత్తిడి పేరుకుంటుంది, ఒకసారి తెగితే మళ్ళీ పేరుకోవడానికి కాలం పడుతుంది. అలాంటప్పుడు జ్ఞాపకం లేదని ఎలా అంటాం? ఆ అబ్బాయి తెలియకుండానే కొంత నిజం చెప్పాడేమో!

ఒంగోలు తాతయ్య (12:30)

అమ్మాయీ, నీ ప్రశ్న బాగుంది. 1967 మార్చి 27న మా ఒంగోలు కదిలినప్పుడు నేను నిక్కరు వేసుకునే వయసు. అటక మీది ఇత్తడి బిందెలు వరసగా కింద పడ్డాయి, మా నాయనమ్మ దొంగలనుకుని కర్ర తీసుకుంది. 5.4 అని చాలా ఏళ్ళకు చదివాను. రెండేళ్ళు తిరిగేసరికి, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7. మొన్న 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 వస్తే హైదరాబాదు నుంచి మనవరాలు ఫోను చేసి ఏడ్చింది. "చిన్నవి వస్తేనే మంచిదమ్మా, కుక్కరు విజిల్ వేసినట్టు ఆవిరి పోతుంది, పెద్దది రాదు" అని ఓదార్చాను. సరిగ్గానే చెప్పానా?

సంవర్గమానం (2:15)

తాతయ్యగారూ, ఓదార్పుగా బాగానే ఉంది, లెక్కకు నిలవదు. మాగ్నిట్యూడ్ ఒక మెట్టు పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు. 7 వచ్చే చోట ఆ శక్తినంతా 4లతో వదిలించాలంటే దాదాపు 32,000 కావాలి. ప్రకృతి అన్ని ఇవ్వదు. గూటెన్‌బర్గ్, రిక్టర్ 1944లో చూపించిన సూత్రం ప్రకారం మెట్టు దిగేకొద్దీ భూకంపాల సంఖ్య సుమారు పదింతలవుతుంది. అంటే ఒక 7కు వెయ్యి 4లే. అవసరం 32 వేలు, సరఫరా వెయ్యి. ఆ విజిల్‌తో కుక్కరు చల్లబడదు.

ఇక కొత్తకాపురం గారి ప్రశ్న. ఒత్తిడి పేరుకుని తెగుతుందన్న సిద్ధాంతం అమెరికా శాస్త్రవేత్త రీడ్‌ది, 1910 నాటిది. నిజమే. దాన్ని గడియారంగా వాడబోయి దెబ్బతిన్న ఊరు ఒకటుంది. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్. అక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో ఇంచుమించు 6 స్థాయివి వచ్చాయి. సగటు వ్యవధి 22 ఏళ్ళు. కనుక తరవాతిది 1993లోపు రావడం 95 శాతం ఖాయమన్నారు. ఊరంతా పరికరాలు పాతి కూర్చున్నారు. 1993 వచ్చింది, పోయింది. భూకంపం 2004 సెప్టెంబరు 28న తీరిగ్గా వచ్చింది, 38 ఏళ్ళకు. ప్రపంచంలోకెల్లా క్రమం తప్పని చోటని పేరుపడ్డ దాని సంగతే ఇది. దక్షిణ భారతంలో ఒకే పగులు మీద రెండు పెద్ద భూకంపాల తేదీలు దొరకడమే కష్టం. తేదీలే లేనప్పుడు జ్ఞాపకం ఉన్న నమూనాకు ఏం తినిపిస్తాం? అందుకే పాయిజాన్. గొప్పదని కాదు, అతి తక్కువ అడుగుతుందని.

నక్షత్రం27 (3:02)

మీరు గ్రహాలను వదిలేస్తున్నారు. నాలుగు గ్రహాలు ఒకే రాశిలో చేరిన రోజుల్లో భూకంపాలు తప్పక వస్తాయి. గత మూడు సార్లూ నేను చెప్పిన రోజే వచ్చాయి.

మిరపకాయ బజ్జీ (3:10)

స్వామీ, ప్రపంచం మొత్తం మీద 5, ఆపైవి ఏడాదికి సగటున 1,400కు పైనే. రోజుకు దాదాపు నాలుగు. నేను కూడా చెబుతాను: రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది, మీ అబ్బాయి పెళ్ళిరోజునా వస్తుంది. దక్షిణ ఎక్కడికి పంపుతారు?

కొత్తకాపురం (రాత్రి 9:48)

పిల్ల పడుకున్నాక కూర్చుని ప్రపంచ సగటులు ఎక్కించాను. 8, ఆపైవి ఏడాదికి 1. 7 నుంచి 7.9 వరకు 15. 6లు సుమారు 130. 5లు సుమారు 1,300. సంఖ్యలకు సంవర్గమానం (లాగరిథం) తీసి చుక్కలు పెడితే దాదాపు సరళరేఖ! వాలు 1కి దగ్గరగా. నిజం చెప్పాలంటే ఒళ్ళు జలదరించింది. ఎక్కడో అలస్కాలో, ఎక్కడో టోంగాలో పగిలే రాళ్ళు ఒక గీత మీద నిలబడటం ఏమిటి!

ఆ ఉత్సాహంలో దక్షిణ భారతానికి కూడా దొరికిన జాబితా తీసి అదే చేశాను. గీత ఎడమ వైపు, అంటే చిన్న మాగ్నిట్యూడ్‌ల దగ్గర, వంగి చతికిలబడింది. వాలు చాలా తక్కువ వచ్చింది. దాన్ని పైకి పొడిగిస్తే చెన్నైకి 7 తరచుగా వచ్చేట్టు ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బీమా లెక్కలు (ఆదివారం, ఉదయం 7:30)

చెప్పకండి. తేనాంపేటలో ఒక కార్యాలయంలో ఇదే నా ఉద్యోగం. ఈ తప్పులు నేను జీతం తీసుకుంటూ చేసినవే.

ఎడమ వైపు వంగినది భూమి కాదు, మన చెవి. చిన్న భూకంపాలు వచ్చాయి, యంత్రాలు పట్టుకోలేదు. ఏ మాగ్నిట్యూడ్ నుంచి పైవన్నీ తప్పకుండా నమోదయ్యాయో దాన్ని సంపూర్ణత హద్దు అంటాం. దానికి కిందివి నిర్దాక్షిణ్యంగా తీసేయాలి. పైగా ఆ హద్దు కాలంతో మారుతుంది. 1900 ఫిబ్రవరిలో కోయంబత్తూరు భూకంపం సుమారు 6 కాబట్టి జాబితాలోకి ఎక్కింది. అదే ఏడాది వచ్చిన 3లు ఎవరికి తెలుసు? పాతికేళ్ళ చిన్నవాటినీ, నూరేళ్ళ పెద్దవాటినీ ఒకే గంపలో పోస్తే పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్టే.

తరవాత, గీతను కంటితోనో కనిష్ఠ వర్గాల పద్ధతితోనో గీయకండి. "ఇంత, ఆపై" అని కూడుతూ పోయిన సంఖ్యలు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవి. ఆ పద్ధతి వాటిని స్వతంత్రమైనవిగా భావించి మోసపోతుంది. 1965లో జపాన్ శాస్త్రవేత్త అకి ఇచ్చిన సూత్రం ఒక్క పంక్తి: సగటు మాగ్నిట్యూడ్ నుంచి హద్దును తీసివేసి, 0.4343ను దానితో భాగించండి. అదే బి విలువ, అంటే మీ గీత వాలు.

అందులోనూ ఒక గోతి ఉంది. ఊరికే ఉదాహరణకు, హద్దు 3.0, సగటు 3.45 అనుకోండి. బి 0.97 వస్తుంది. కానీ జాబితాలో మాగ్నిట్యూడ్‌లు ఒక దశాంశానికి సవరించి రాస్తారు. 3.0 అని రాసినది 2.95 కూడా కావచ్చు. అందుకని హద్దును 2.95గా తీసుకోవాలి. ఇప్పుడు బి 0.87. 0.05 తేడాకు పదో వంతు ఎగిరిపోయింది.

కొత్తకాపురం (8:05)

పదో వంతే కదా, అంత ప్రమాదమా?

బీమా లెక్కలు (8:40)

ఒక ఊహా ప్రాంతం తీసుకుందాం. 4, ఆపైవి ఏడాదికి ఒకటి. బి విలువ 1 అయితే 6, ఆపైవి వందేళ్ళకు ఒకటి. 0.8 అయితే 40 ఏళ్ళకు. 1.2 అయితే 250 ఏళ్ళకు. 50 ఏళ్ళ ఇంటికి అదే అవకాశం 39 శాతం, 71 శాతం, 18 శాతం. అరవై భూకంపాలతో లెక్కిస్తే బి విలువలో ప్రామాణిక దోషం (అంచనా మామూలుగా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) దాన్ని 60 వర్గమూలంతో భాగించినంత, అంటే బి 1 అయితే సుమారు 0.13. రెండు వైపులా దానికి రెట్టింపు వరకు తేడా మామూలే. కాబట్టి నేను పైన రాసిన మూడు జవాబులూ ఒకే జాబితాలోంచి రావచ్చు. మా పై అధికారికి ఇది చెప్పినప్పుడు "ఒక్క అంకె చెప్పు బాబూ" అన్నారు.

పల్లావరం పద్మ (9:15)

ఇన్నాళ్ళూ చదవడమే, మొదటిసారి రాస్తున్నాను. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం రెండు దాటాక మా కార్యాలయంలో ఏడో అంతస్తులో కుర్చీ దానంతట అదే జరిగింది. సుమత్రా దగ్గర సముద్రంలో 8.6 అన్నారు, ఇక్కడికి 1,500 కిలోమీటర్లకు పైనే. 2004 సునామీ గుర్తొచ్చి మెట్ల మీద ఏడ్చినవాళ్ళున్నారు. రెండు గంటలకు మళ్ళీ 8.2 వచ్చింది. ఆ రెండోదాన్ని మీ లెక్కలో వేరే భూకంపంగా వేస్తారా? గవ్వలకు జ్ఞాపకం లేదన్నారు కదా మాస్టారు?

సంవర్గమానం (10:10)

పద్మగారూ, సరిగ్గా గురి చూసి కొట్టారు. చెన్నై సిటీ బస్సులను తలచుకోండి. ఇరవై నిమిషాలకు ఒకటని పలక మీద రాసి ఉంటుంది, గంట సేపు రాదు, వస్తే మూడు వరసగా వస్తాయి. భూకంపాలూ అంతే, గుంపులుగా వస్తాయి. పెద్దది వచ్చాక అనంతర ప్రకంపనలు కాలంతో ఎలా తగ్గుతాయో జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లోనే చెప్పారు. వాటిలో పెద్దది సగటున ప్రధాన భూకంపం కంటే 1.2 తక్కువ ఉంటుందని బాత్ సూత్రం. 2012లో తేడా 0.4 మాత్రమే. సగటు సగటే.

పాయిజాన్ వాడాలంటే ఈ గుంపులను ఏరి, ప్రతి గుంపుకూ ఒక్కదాన్నే ఉంచాలి. గార్డ్‌నర్, నోపాఫ్ 1974లో ఇచ్చిన కాలం, దూరం కిటికీలు దానికే: పెద్దదానికి ఇంత కాలంలో, ఇంత దూరంలో వచ్చినవన్నీ దాని గుంపే. నాకు ఆ పద్ధతి నచ్చదు. బతికున్న సమాచారాన్ని చెత్తబుట్టలో వేయడమే. 2015లో నేపాల్‌లో ఏప్రిల్ 25న 7.8, మే 12న 7.3. ఆ రెండోదానికి కూలిన ఇంటివాళ్ళకు "ఇది లెక్కలోకి రాదు" అని చెబుతామా? ఒగాటా 1988లో ఇచ్చిన నమూనాలో ప్రతి భూకంపమూ పిల్లల్ని కంటుంది, పిల్లలూ కంటాయి. అది నిజానికి దగ్గర.

బీమా లెక్కలు (10:32)

మాస్టారికి నచ్చకపోయినా, ఒగాటా నమూనా వచ్చే వారానికి బాగుంటుంది. 50 ఏళ్ళ ఇంటికి ఏరివేతే ఆచరణ. నా గొడవ అసలు వేరే చోట. ఆ గీతను ఎంత పైకి లాగుతాం? బి విలువ 1.5 కంటే తక్కువ ఉన్నంత కాలం గీతను ఆపకుండా లాగితే విడుదలయ్యే మొత్తం శక్తి అనంతం అవుతుంది. కాబట్టి ఎక్కడో గరిష్ఠ మాగ్నిట్యూడ్ అని గోడ కట్టాలి. చెన్నైకి ఆ గోడ ఎక్కడ కడతారు? చరిత్రలో వచ్చిన పెద్దదానికి అర కలిపి "ఇదే గరిష్ఠం" అంటున్నవాళ్ళను చూశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సంవర్గమానం (11:20)

ఇందులో మీతో పోట్లాడను. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చెబుతుంది, అడుగంటిందో లేదో పై మెతుకు చెప్పదు. మన జాబితాలన్నీ పై మెతుకులు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 వచ్చింది. సుమారు పదివేల మంది పోయారు. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ చోటు అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలం. 2011లో జపాన్ తోహోకులో 9 వచ్చింది. అంత జాబితా, అన్ని యంత్రాలున్న దేశపు అధికారిక అంచనాలో ఆ చోటుకు అంత పెద్దది లేదు. 869లో వచ్చిన జోగన్ సునామీ ఇసుక మాత్రం పొలాల కింద పడి ఉంది.

గిండీ సివిల్ (సాయంత్రం 4:45)

రెండు రోజుల నుంచి చదువుతున్నాను. గణితం రుచిగా ఉంది కానీ ఇల్లు కొనేవాళ్ళకు ముఖ్యమైన మాట ఎవరూ అనలేదు.

ఒకటి, ఆ అబ్బాయి 475 ఎక్కడ విన్నాడో గాని, 2002లో వచ్చిన భూకంప మండలాల పటాన్ని అలాంటి సంభావ్యత లెక్కతో గీయలేదు. గతంలో ఎక్కడ ఎంత ఊగింది, నేల నిర్మాణం ఏమిటి అన్నవి చూసి గీశారు. కిల్లారి, భుజ్ తరవాత ఒకటో మండలాన్నే ఎత్తేశారు. ఆ పటంలో చెన్నై రెండు నుంచి మూడుకు వచ్చింది, బెంగళూరు రెండులో పడింది.

రెండు, మన పత్రికలు మాగ్నిట్యూడ్‌కూ తీవ్రత అంటాయి, మన వీధిలో నేల ఊగిన స్థాయికీ తీవ్రతే అంటాయి. భూకంపానికి మాగ్నిట్యూడ్ ఒకటే. తీవ్రత వీధి వీధికీ వేరు. 1985లో మెక్సికో నగరాన్ని కూల్చిన భూకంపం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టింది. పాత చెరువు మట్టి మీద కట్టిన భాగం బాగా దెబ్బతింది. పళ్ళికరణై పేరు చెప్పగానే మీకు ఏం గుర్తొస్తుంది? చిత్తడి నేల. గిండీ, సెయింట్ థామస్ మౌంట్ వైపు రాయి దగ్గరగా తగులుతుంది. మీ బి విలువ 0.87 అయినా 0.97 అయినా, ఆ రెండు నేలలకూ ఉన్న తేడా ముందు చిన్నది.

మూడు, గోడలు లేని పార్కింగు అంతస్తు. 2001 జనవరి 26న భుజ్ దగ్గర 7.7 వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి కింద ఇదే నిర్మాణం. పైన బరువైన పెట్టె, కింద సన్నని కాళ్ళు. ఊపంతా కాళ్ళ మీద పడుతుంది. ఆ స్తంభాలను అదనపు బలంతో కట్టారా, ఎక్కడైనా కాంక్రీటు గోడలు ఇచ్చారా, మట్టి పరీక్షలో ఏం రాశారు, ఇవి అడగండి. 475 అడగకండి.

కొత్తకాపురం (తరవాతి ఆదివారం, రాత్రి 8:20)

వెళ్ళివచ్చాం. మట్టి పరీక్ష నివేదిక అడిగితే అబ్బాయి మొదట రంగుల కరపత్రం తెచ్చాడు. రెండోసారి అడిగితే ఇంజినీరును పిలిచాడు. ఆయన మర్యాదస్తుడే, పైల్ పునాదుల చిత్రాలు చూపించారు. స్తంభాల సంగతి ఎత్తగానే "అందరూ ఇలాగే కడుతున్నారమ్మా" అన్నారు. అక్కడితో మా అత్తగారు లేచి నిలబడ్డారు.

వచ్చేటప్పుడు అబ్బాయితో, 475 ఏళ్ళు ఆగినా 37 శాతం రాకుండానే పోవచ్చని కూడా చెప్పాను. "చూశారా అమ్మా, నేను చెప్పలేదా!" అన్నాడు.

ఇప్పుడు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మూడంతస్తుల పాత కట్టడంలో ఒక ఇల్లు చూశాం. కింది అంతస్తులోనూ మనుషులు ఉంటున్నారు, గోడలున్నాయి. బావి తవ్వితే పదడుగులకే రాయి తగిలిందట. జాబితా కూడా ఏరి, హద్దు సరిచేసి, మళ్ళీ లెక్కించాను. బి విలువ పక్కన దోషం కూడా రాశాను. బీమా గారూ, నా పట్టికలో మూడో నిలువు వరస ఒకసారి చూసి పెట్టండి.

ఒంగోలు తాతయ్య (8:41)

బాగుందమ్మా. అంత రాయి ఉన్న చోట వేసవిలో నీళ్ళ సంగతి అడిగావా?

కొత్తకాపురం (8:43)

అడగలేదు.